సున్నా గారి ఇల్లు

4వ తేదీ, సోమవారం

పరిశీలన: ఇల్లు శుభ్రం. ఉదయం, సాయంత్రం నేల తుడిచాను. తలుపు పిడులు, స్విచ్చులు క్రిములు చంపే మందుతో తుడిచాను. ఇంట్లో ఉన్న మనుషులు: ఒకరు.

ఫ్యాక్టరీలో అయితే ఇంత రాసి కింద సంతకం గీకితే ఆ రోజుకి సరి. ఇక్కడ అడిగేవాడూ లేడు, చూసేవాడూ లేడు. అయినా ఇరవై రెండేళ్ళుగా ఇంజెక్షన్ సీసాలు నింపే గదికి కాపలా కాసిన చెయ్యి, రాయకపోతే ఊరుకోదు. ఆ గదిలోకి ఒక్క సూక్ష్మజీవి కూడా రాకుండా చూడటమే నా ఉద్యోగం. గోడల మీదా, గాలిలోనూ, పనివాళ్ళ వేళ్ళ మీదా జెల్లీ పోసిన ప్లేట్లతో నమూనాలు తీయిస్తాను. ఆ ప్లేట్లను మూడు రోజులు వెచ్చటి పెట్టెలో ఉంచుతాం. వాటి మీద చుక్క కూడా మొలవకూడదు. సున్నా రావాలి. అందుకే నా వెనకాల నన్ను ‘సున్నా గారు’ అంటారు. వినబడుతూనే ఉంటుంది. నేనేం చెవిటివాణ్ణి కాదు.

మా ఆవిడా, కూతురు బుడంకాయా సెలవులకు వాళ్ళ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళారు.

కొట్టివేత: పై వాక్యంలో ‘సెలవులకు’ అన్న మాట. కారణం: తప్పు నమోదు.

5వ తేదీ, మంగళవారం

బుడంకాయ దిండు గలీబు ఉతకాలి. రేపు.

7వ తేదీ, గురువారం

ఫ్యాక్టరీలో ఏ తప్పు జరిగినా, జరిగింది జరిగినట్టు రాయమని అందరి ప్రాణాలూ తీస్తాను. అందుకని రాస్తున్నాను.

ఆ రోజు బుడంకాయ బడి నుంచి అగ్గిపెట్టెలో ఒక పురుగును తెచ్చుకుంది. ఆకుపచ్చగా, మెరుస్తూ ఉందట. ఉందట అంటున్నానంటే నేను చూడలేదు. పెట్టె తెరవనివ్వలేదు. పెట్టెతో సహా చెత్తడబ్బాలో వేసి మూత బిగించాను. తర్వాత పిల్ల చేతులు పట్టుకుని కడిగాను. మోచేతుల దాకా, రెండుసార్లు. అసలే దాని చర్మం ఎండి పగిలి ఉంటుంది. మందు తగిలి ‘మంట నాన్నా’ అని ఏడ్చింది. ఏడుపులో ఊపిరి అందక పిల్లికూతలు మొదలయ్యాయి. ఆయాసం పంపు నోట్లో పెట్టి నాలుగుసార్లు కొట్టాక గానీ తేరుకోలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల.

మా ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. సంచి సర్దుకుంటూ, “ఈ ఇంట్లో బల్లి కూడా బతకదండీ. పిల్ల ఎలా బతుకుతుంది?” అంది.

వెళ్ళింది ఎక్కడికి? వాళ్ళక్క నడిపే మొక్కల నర్సరీకి. నర్సరీ అంటే ఏమిటి? మట్టి, ఎరువు కుప్పలు, కుళ్ళిన ఆకులు, వాటి మధ్య నాలుగు మేకలు. ఊపిరాడని పిల్లను తీసుకెళ్ళి నేరుగా అందులో దింపింది. నాలుగు రోజుల్లో పిల్ల ఆయాసంతో తిరిగొస్తుంది, అప్పుడు తెలుస్తుంది నేనేమిటో.

కొట్టివేత: చివరి వాక్యం. కారణం: కన్నతండ్రి రాయదగ్గది కాదు.

9వ తేదీ, శనివారం

ఫోను చేశాను. బుడంకాయ తీసింది.

“నాన్నా! ఇక్కడ సాలీళ్ళు ఏడు రకాలున్నాయి తెలుసా? పెద్దమ్మ ఎనిమిదంటోంది, నాకు ఏడే దొరికాయి. తడి మట్టి దగ్గర కప్పలున్నాయి. వాటిలో ఒకటి గోరంతే ఉంటుంది. ఇంకా, మేక నా చెయ్యి మొత్తం నాకేసింది!”

“కడుక్కున్నావా?” అన్నాను.

ఫోను చేతులు మారింది. తర్వాత మా ఆవిడ గొంతు. “మీకు అడగడానికి ఇంకో మాటే దొరకలేదా?”

దొరకలేదు. ఫోను పెట్టేశాక మాత్రం వరసగా దొరికాయి. ఆ కప్ప ఏ రంగు? మేక నాలుక ఎలా ఉంది, గరుగ్గా ఉందా? జడ ఎవరు వేస్తున్నారు? ముందు పన్ను ఊడిందా? నేను గుర్తొస్తున్నానా?

13వ తేదీ, బుధవారం

వదిన ఫోను చేసింది. మా ఆవిడకు అక్క కాబట్టి నాకు వదిన. నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి.

“ఏం మరిదీ, ఉన్నావా, నిన్ను నువ్వే తుడిచేసుకున్నావా?”

“ఉన్నాను, చెప్పండి.”

“ఇక్కడి బడిలో పిల్లకి సీటుందిట. ఒకటో తేదీ లోపల ఫారం ఇవ్వాలి. తండ్రి సంతకం లేకపోతే తీసుకోరట. పోస్టులో పంపాను, గీకి పంపించు. ఏడాది చూద్దాం. పిల్ల ఇక్కడ హాయిగా ఉంది.”

హాయిగా! ఒళ్ళు మండింది. నా కూతురు నా ఇంటికొస్తుంది, ఇక్కడి బడికే వెళ్తుంది అన్నాను. వదిన నవ్వింది. “సరే, రానీ. వచ్చాక నీ ఇంట్లో ఏది ముట్టుకోవచ్చో పిల్లకి ఒక జాబితా రాసివ్వు. ఊరికే తడుముకోకుండా ఉంటుంది.”

ఫారం వచ్చింది. కవరు బయట తుడిచి బల్ల మీద పెట్టాను.

15వ తేదీ, శుక్రవారం

నాకు పిచ్చి అనుకుంటారు. ఆ రోజు ఎవరూ చూడలేదు కాబట్టి అనుకుంటారు.

అప్పుడు బుడంకాయకి మూడేళ్ళు. మా ఆవిడ అప్పుడు రెండో షిఫ్టు పనికి వెళ్ళేది. సాయంత్రం అన్నం పెడుతుంటే పిల్ల ఉన్నట్టుండి ముద్ద వదిలేసి నా చొక్కా పట్టుకుంది. పెదవులు నీలంగా మారాయి. డొక్కలు ఎగరేస్తూ నా కళ్ళలోకి చూస్తోంది. ఏడవడానికి కూడా దానికి గాలి చాలడం లేదు. ఆసుపత్రి దాకా పరిగెత్తాను. ఆటో ఎక్కాలన్న సంగతే తట్టలేదు. వారం తర్వాత ఇంటికొచ్చాక మంచం వెనక గోడ చూస్తే నల్లగా బూజు. నేనే గోకి, కడిగి, మందు కొట్టాను. నెల రోజులు పిల్లకి దగ్గు రాలేదు.

నాకు తెలిసింది ఒకటే విద్య. అది పనిచేసింది. ఇంక ఆపడం ఎలా? నెల తర్వాత మళ్ళీ దగ్గు వచ్చింది. ఇంకా ఎక్కువ కడిగాను. కిటికీలకు టేపు వేశాను. కుండీలోని మొక్కను వాచ్‌మన్‌కి ఇచ్చేశాను. మళ్ళీ వచ్చింది. ఇంకా కడిగాను. ఐదేళ్ళు.

గలీబు ఉతకలేదు. రేపు.

17వ తేదీ, ఆదివారం

ఉదయం ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన రెండు పెద్ద ప్లేట్లలో ఒకటి బుడంకాయ మంచం పక్క నేలకు అద్దాను. రెండోది సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. రెండు గంటల ప్రయాణం. ఈ రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టి మా ఆవిడకి చూపిస్తే చాలు, ఇంక నోరెత్తదు అనుకున్నాను.

ప్లేట్లు దొంగతనంగా తెచ్చాను. ఇంకొకరు చేసి ఉంటే మెమో ఇచ్చేవాణ్ణి.

వదిన గేటు దగ్గరే ఎదురొచ్చింది. “రా మరిదీ, నీకోసం కుర్చీ తుడిచి పెట్టాను. నమ్మకం లేకపోతే నువ్వూ ఓసారి తుడుచుకో.” ఎటు చూసినా కుండీలు, తీగలు, రాలిన పువ్వులు, వాటి మీద తేనెటీగలు. నీళ్ళ తొట్టిలో ఏవో ఈదుతున్నాయి. నేల మెత్తగా ఉంది. అలాంటి నేల మీద నడిచి ఎన్నేళ్ళయిందో. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

అంతలో మొక్కల వరసల మధ్య నుంచి బుడంకాయ పరిగెత్తుకొచ్చింది. మోకాళ్ళ దాకా మట్టి. రెండు చేతులూ చాచి “నాన్నా!” అని వస్తోంది.

“ఆగు!” అన్నాను.

ఆగిపోయింది. ఇంకో నాలుగడుగులు వేస్తే నన్ను తాకేది. తలొంచుకుని కుళాయి వైపు తిరిగింది.

“వద్దు, కడుక్కోకు. ఇలా రా. చెయ్యి ఇందులో అద్దు.”

జన్మలో మొదటిసారి దాన్ని చేతులు కడుక్కోవద్దన్నాను. అదేదో ఆట అనుకుని దాని మొహం వెలిగిపోయింది. అరచెయ్యి ప్లేటు మీద పెట్టి, చెప్పకుండానే మూడు లెక్కపెట్టి తీసింది. మూత పెట్టి టేపు చుట్టాను. “ఇప్పుడు కడుక్కో” అన్నాను.

మా ఆవిడ అంతా చూస్తూనే ఉంది. “మీరు పిల్లని చూడ్డానికొచ్చారా, పరీక్ష చెయ్యడానికొచ్చారా?”

చూడటానికే వచ్చాను.

కొట్టివేత: పై వాక్యం. కారణం: అబద్ధం.

18వ తేదీ, సోమవారం

రెండు ప్లేట్లూ మా ల్యాబులో వెచ్చటి పెట్టెలో పెట్టాను. ఒకటో నంబరు ఇల్లు. రెండో నంబరు చెయ్యి. ల్యాబ్ అమ్మాయి చూసింది, ఏమిటని అడగలేదు. నా హోదాకి ఇంకా అంత విలువ ఉంది.

21వ తేదీ, గురువారం

ల్యాబ్ అమ్మాయి ప్లేట్లు దీపం ముందు పెట్టి పిలిచింది.

“సార్, ఈ ఒకటో నంబరు ఎవరి గది?”

“ఎందుకు?”

“మొత్తం ఒకటే రకం సార్. ఈ మూల నుంచి ఆ మూల దాకా. మందుకి చావని రకం ఇది. ఒకే మందు ఏళ్ళ తరబడి కొట్టి ఉంటారు. మిగతావన్నీ చచ్చాయి, ఆ ఖాళీ అంతా ఇది ఆక్రమించుకుంది. మన గదిలో ఇలా వస్తే మీరు మా తోలు తీసేవారు.”

“రెండోది?” అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. “ఇది చిన్నపిల్ల చెయ్యి కదా! పసుపువి, తెల్లవి, గులాబివి, ముడతలు పడ్డవి... ఇరవై మూడు రకాల దాకా లెక్కపెట్టి వదిలేశాను. చూడండి, ఎవరూ ఎవర్నీ మింగెయ్యలేదు, అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఎవరో గానీ బాగా ఆడుకుంటోంది సార్.”

“ఇలాంటి చెయ్యి ఉన్న పిల్ల ఆరోగ్యం ఎలా ఉంటుందంటావ్?”

“అది ప్లేటుకేం తెలుస్తుంది సార్? పిల్లని చూడాలి.”

ఆమె వెళ్ళాక రెండో ప్లేటు చేతిలోకి తీసుకున్నాను. చుక్కలు చుక్కలుగా ఐదు వేళ్ళూ మొలిచాయి. చిటికెన వేలు కొంచెం లోపలికి వంగి ఉంది, మా అమ్మకి ఉన్నట్టే. మూత మీద నా అరచెయ్యి పెట్టి చూశాను. నా చెయ్యి కింద మొత్తం దాగిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఏ ప్లేటు చూసీ కళ్ళలో నీళ్ళు రాలేదు.

చదవడం అయ్యాక ప్లేట్లను ఆవిరి పెట్టెలో వేసి చంపాలి. అది నేను పెట్టిన నియమమే. సాయంత్రం దాకా సొరుగులో దాచుకుని, అప్పుడు ఇచ్చాను.

22వ తేదీ, శుక్రవారం

ఒకటో ప్లేటు సరిగా తీసి ఉండను. నేల తడిగా ఉందేమో. మళ్ళీ తీస్తాను. ఈసారి బుడంకాయ బల్ల మీద, కిటికీ చట్రం మీద.

26వ తేదీ, మంగళవారం

మళ్ళీ అదే.

27వ తేదీ, బుధవారం

మూడు నెలలకోసారి చూపించుకునే డాక్టరమ్మ దగ్గరికి మా ఆవిడ పిల్లని తీసుకొచ్చింది. నేను సెలవు పెట్టి వెళ్ళాను. పిల్ల ఊపిరి బలం కొలిచే గొట్టంలోకి ఊదింది. పోయినసారి ముల్లు నూట నలభై దగ్గర ఆగింది. ఈసారి రెండు వందల పది. డాక్టరమ్మ నమ్మలేక ఇంకోసారి ఊదించింది. రెండు వందల పదిహేను. మోచేతి మడతల్లో పగుళ్ళు మానిపోయాయి.

“ఏం చేశారు?” అని అడిగింది. మా ఆవిడ నావైపు చూసింది. చెప్పాల్సింది నేనేనన్నట్టు. చెప్పాను. నర్సరీ, మట్టి, మేకలు. మా ఇంటి సంగతీ చెప్పాను. మందు పేరు చెప్పేసరికి డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

“ఆ మందు పిల్ల పడుకునే గదిలోనా? రోజూనా? ఆ ఘాటుకి పెద్దవాళ్ళకే ఊపిరితిత్తులు బిగుసుకుంటాయండీ.”

“అంటే మట్టి వల్ల తగ్గిందా, మందు వాసన లేక తగ్గిందా?”

“తేల్చి చెప్పలేను. రెండూ కావచ్చు. రకరకాల ప్రాణుల మధ్య పెరిగే పిల్లల్లో ఇలాంటి జబ్బులు తక్కువని చాలామంది గమనించారు. అలాగని మట్టి మందు కాదు. పంపు ఆపకండి, దగ్గర పెట్టుకోండి. ఒకటి మాత్రం చెప్తాను. పిల్ల ఎక్కడ బాగుందో నాకంటే మీకే బాగా కనబడుతోంది.”

బయట బెంచీ మీద మా ఆవిడ పక్కన కూర్చున్నాను. పిల్ల మధ్యలో లేదు, మెట్ల దగ్గర చీమల బారు వెంట పోతోంది.

“వచ్చెయ్యరాదూ?” అన్నాను.

“ఎక్కడికి?” అంది.

“ఇంటికి. నేను మానేస్తాను. అన్నీ.”

“మీరు మానెయ్యలేరండీ.” కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా తోచింది. “తండ్రి మీరు. తీసుకెళ్తానంటే ఆదివారానికి సర్దేసి ఉంచుతాను. నేనూ వస్తాను. మీ ఇష్టం” అంది.

28వ తేదీ, గురువారం

తీసుకొస్తాను. ఈరోజు నుంచి మందు లేదు. మామూలు సబ్బు నీళ్ళు చాలు. కిటికీ టేపులు పీకేశాను. బజారులో ఒక కుండీ మొక్క కొన్నాను.

29వ తేదీ, శుక్రవారం

ఉదయం నాలుగింటికే లేచి నేల తుడిచాను. మందుతో.

కుండీ వాచ్‌మన్‌కి ఇచ్చేశాను. ఆకుల కింద తెల్లగా ఏదో ఉంది.

31వ తేదీ, ఆదివారం

ఇది కుదురుగా రాయాలి.

నేను వెళ్ళేసరికి సంచులు గుమ్మంలో ఉన్నాయి. మాట నిలబెట్టుకుంది మా ఆవిడ. వదిన ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం ఇదే మొదటిసారి. మొక్కలకు నీళ్ళు పెడుతున్నట్టు నటిస్తోంది, నీళ్ళేమో దారి మీద పోతున్నాయి.

“బుడంకాయేది?” అన్నాను.

“మీరొస్తున్నారని తెలిసి కుళాయి దగ్గరికి పరిగెత్తింది” అంది మా ఆవిడ.

వెనక్కి వెళ్ళాను. నన్ను చూడలేదది. కుళాయి కింద చేతులు కడుక్కుంటోంది. అరచెయ్యి మీద అరచెయ్యి. చేతి వెనక భాగం. వేళ్ళ సందులు. బొటనవేలు విడిగా. గోళ్ళు. మణికట్టు. మా ఫ్యాక్టరీ గోడ మీద బొమ్మలుంటాయి చూడండి, అదే వరస, ఒక్కటి కూడా వదల్లేదు. అంతా అయ్యాక మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. రెండుసార్లు. నేను నేర్పిందే.

తర్వాత లేచి, తడి చేతులు రెండూ భుజాల దాకా పైకెత్తి పట్టుకుంది. సీసాల గదిలోకి వెళ్ళే ముందు మా పనివాళ్ళు అచ్చం అలాగే నిలబడతారు, దేన్నీ తాకకుండా. అలా ఎత్తుకునే నా వైపు నడిచొచ్చింది. దారిలో మేక ఎదురొస్తే పక్కకి తప్పుకుంది. ఒక తీగ భుజానికి తగలబోతే వంగి వచ్చింది. నాకు నాలుగడుగుల దూరంలో ఆగింది. పోయినసారి నేను ఆపిన దూరమే.

“నాన్నా, ఇప్పుడు నిన్ను ముట్టుకోవచ్చా?”

నాకు తల తీసేసినట్టయింది.

ఎనిమిదేళ్ళలో ఈ పిల్ల తనంతట తాను వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసిందెప్పుడు? ఎంత వెనక్కి వెళ్ళినా ఒక్కటే గుర్తొచ్చింది. మూడేళ్ళప్పుడు ఊపిరాడక నా చొక్కా పట్టుకుంది. తర్వాత ఎప్పుడూ నేనే పట్టుకున్నాను, కడగడానికి.

అక్కడే నేల మీద కూలబడ్డాను. తడి మట్టి. ప్యాంటు పాడైంది. “రా” అన్నాను. అది అనుమానంగా నా మోకాళ్ళ మట్టి వైపు చూసి, “మళ్ళీ కడుక్కోవాలా?” అంది.

“వద్దమ్మా. వద్దు. ఇంకెప్పుడూ అడగకు.”

వచ్చింది. ముందు ఒక చెయ్యి వేసింది. తర్వాత రెండోది. జుట్టులో మేక వాసన, ఎండు ఆకుల వాసన. నేను ఏడుస్తుంటే అది నా వీపు తడుతూ, “పంపు కావాలా నాన్నా?” అంది.

సంచులు లోపల పెట్టమన్నాను మా ఆవిడతో. ఫారం నా జేబులోనే ఉంది. ఎందుకు తీసుకెళ్ళానో నాకే తెలియదు. సంతకం పెట్టాను. వేలిముద్ర కూడా పడింది, మట్టిది. వదిన చేతిలోకి తీసుకుని చూసి, “ఏం మరిదీ, వేలిముద్రగాడివైపోయావే” అంది. ఆమె కళ్ళు కూడా బాలేవు.

బస్సు దాకా మా ఆవిడ వచ్చింది. “మీరూ ఉండిపోవచ్చుగా” అంది. ఉద్యోగం, అద్దె, పంపు ఖరీదు, అన్నీ ఆమెకీ తెలుసు. నేను బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు కదిలేదాకా కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది.

1వ తేదీ, సోమవారం

గలీబు ఉతకను.

5వ తేదీ, శుక్రవారం

మందు కొట్టకుండా నాలుగో రోజు. సీసా మూత తీశాను, మళ్ళీ పెట్టాను. కొట్టలేదు. నిన్న స్నానాలగదిలో బల్లి కనిపించింది. చాలాసేపు ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.

8వ తేదీ, సోమవారం

ఈరోజు బడి తెరిచారు. సాయంత్రం ఐదుకి ఫోను చేశాను.

“బడి నుంచి ఇప్పుడే వచ్చింది. సంచి విసిరేసి మళ్ళీ బయటికి పరిగెత్తింది. పక్కింటి పిల్లలతో ఆడుతోంది. పిలవనా?” అంది మా ఆవిడ.

పిలవమందామని నోరు తెరిచాను. పొద్దున్నుంచీ ఆ ఒక్క గొంతు కోసమే ఉన్నాను. అంతలో ఫోనులో దూరంగా నవ్వు వినబడింది. దానిదే. ఈ ఇంట్లో దాని నవ్వు ఎప్పుడూ పూర్తయ్యేది కాదు. సగంలో దగ్గు అందుకునేది, తర్వాత్తర్వాత దగ్గొస్తుందన్న భయంతో నవ్వడమే తగ్గించుకుంది. అది మొత్తం నవ్వితే ఎంత పొడుగుంటుందో నాకు తెలియదు.

“వద్దు, పిలవకు. ఫోను గుమ్మంలో పెట్టి నీ పని చూసుకో” అన్నాను.

“ఎందుకండీ?”

“పెట్టు.”

పెట్టింది. పదకొండు నిమిషాలు విన్నాను. ఎవరో దాన్ని తరుముతున్నారు, అది అరుస్తోంది, పడింది, లేచింది, మళ్ళీ పరిగెత్తింది, మళ్ళీ నవ్వింది. ఒక్కసారి కూడా దగ్గలేదు. ఒక్కసారి కూడా నాన్నా అనలేదు.